ఇల్లు అమ్మబడును, బ్రోకర్లు గేటు తాకరాదు

రిపేరు కొట్టు, వెనక గది
ఎండలు ముదురుతున్న రోజులు

అక్కకి నమస్కారాలు.

నేను క్షేమం. కుడి మోకాలు క్షేమం కాదు గానీ దాని సంగతి అదే చూసుకుంటుంది.

నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావట. చెయ్యకు. జీవితమంతా మోటార్ల పక్కన కూర్చున్న చెవులివి. చెవిలో మిషను పెట్టుకున్నా, ఫోన్లో నీ మాట సీసాలో పడ్డ తేనెటీగ గోలలాగే ఉంటుంది. తిట్టావో దీవించావో తెలియక రెండింటికీ "సరే సరే" అనేస్తున్నాను. ఉత్తరమైతే నీ తిట్లు ఒత్తులూ దీర్ఘాలతో సహా అందుతాయి.

ఇక అసలు సంగతి. మనకి ఇల్లు దొరికింది.

దొరికిందంటే కొనేశానని కాదు, కంగారు పడకు. ఒకావిడ కుట్టుమిషను బాగుచేసి ఇచ్చి వస్తూ, వెళ్ళిన సందులో కాకుండా పక్క సందులోకి తిరిగాను. ఎందుకు తిరిగానంటే, ఆ మిషను చుట్టి తెచ్చిన పాత పేపర్లో చీమల మీద ఒక వ్యాసం ఉంది. నా చదువంతా పొట్లాల కాగితాల మీదేనని నీకు తెలుసుగా. సామాను చుట్టి తెచ్చిన కాగితం విప్పి చదవడం, అది ఎక్కడ చిరిగితే అక్కడికి ఆ విద్య ఆగిపోవడం. చాలా విషయాల మొదలు తెలుసు నాకు, చివర తెలియదు. చీమ వెళ్ళిన దారినే తిరిగొస్తుందని ఆ వ్యాసంలో ఉంది. ఎందుకొస్తుందో చెప్పే చోట కాగితం చిరిగింది. నేను చీమని కాదు గదా అని పక్క సందు పట్టాను.

అక్కడ ఒక గేటుకి చెక్క బోర్డు. "ఇల్లు అమ్మబడును. బ్రోకర్లు గేటు తాకరాదు. లోపాలన్నీ లోపల చెప్పబడును."

బ్రోకర్ని కాను గనక గేటు తాకాను.

కింద రెండు వాటాలు, పైన రెండు వాటాలు, వీధి వైపు ఒక కొట్టు గది. కొట్టులో కటింగు షాపు నడుస్తోంది. పైన ముందు వాటాలో బస్సు డ్రైవరు కుటుంబం. కింద ముందు వాటాలో ఇంటాయన. వెనక వాటాలు రెండూ, కిందదీ పైదీ, ఖాళీ. ఆయన గాజు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసి రిటైరయ్యాడు. బెల్టు మీద సీసాలు వరసగా వస్తుంటే వెనక దీపం పెట్టుకుని, పగులున్నదాన్నీ బుడగున్నదాన్నీ తీసి పక్కన పడేయడం. బాగున్న సీసా ఆయన కంటికి ఆనదు. ఆనితే జీతం ఎందుకిస్తారు? ఊరంతా సీసాలాయన అంటారు.

"ముందు గుమ్మం చూడండి. ఒక పక్కకి కుంగింది," అన్నాడు.

"అదెంత పనండీ! చిన్న చెక్క దూరిస్తే లేచి కూర్చుంటుంది," అన్నాను.

"వంటింటి తూము నిండిపోతుంది."

"అరపూట పని."

"డాబా కారుతుంది."

"కారని డాబా ఎక్కడుందండీ!"

ఆయన ఆగి నన్ను దీపానికి ఎత్తి పట్టుకున్న సీసాలా చూశాడు. "అయ్యా, మీరు కొనడానికొచ్చారా, అమ్మడానికొచ్చారా?"

చివరగా వెనక వాటాలు చూపించాడు. పైన కుళాయి తిప్పితే కింద గోడలో పైపు టకటకటకమని కొట్టుకుంటుంది. అద్దెకొచ్చినవాళ్ళు ఆ మోతకే పారిపోతున్నారట. అక్కా, నేను గోడకి ఆనుకుని నుంచున్నాను. చెవి మిషను జేబులో ఉంది. అయినా వినిపించింది! వీపులోంచి వచ్చి చెవిలో దిగింది. "అదెంత పని" అన్నాను అలవాటుగా.

చలికాలం రాగానే పని మానేస్తానన్నావు. మానేసిన రోజే షాపువాళ్ళ గది ఖాళీ చెయ్యాలి. నేనుండే ఈ గదిలో నీకు మంచం వెయ్యాలంటే నేను బల్ల మీదికెక్కాలి. ఈ ఇల్లయితే నువ్వు పైన, నేను కింద, మిగతా వాటాల అద్దెలు మన ఇద్దరి తిండికీ మందులకీ. నువ్వు దాచుకున్నదీ నేను దాచుకున్నదీ కలిపితే అందుతుంది, మధ్యలో కమీషను తినేవాడు లేకపోతే. పై వెనక వాటాకి రెండు కిటికీలున్నాయి.

నీ తమ్ముడు

*

బట్టల షాపు, వెనక కుట్టుగది
భోజనాల వేళ

ఒరేయ్ మరమేకూ,

దీవెనలు. దీవెనలు ఇక్కడితో అయిపోయాయి.

ఇల్లు కొనే మొహమేనా అది? కొనేవాడు "అమ్మో, గుమ్మం కుంగిందే" అనాలి. గడ్డం పట్టుకోవాలి. లేచి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వెయ్యాలి. నువ్వేం చేశావ్? పాపం ఆయనే తన ఇంటి ధర తగ్గించుకుంటుంటే నువ్వు అడ్డం పడి పెంచొచ్చావు. చెడిపోయిన ఫ్యాను తెచ్చినవాళ్ళకి "ఏం ఫరవాలేదమ్మా" అని ధైర్యం చెప్పడం నీ వృత్తిరా, కాదనను. అమ్మేవాడికి ధైర్యం చెప్పడం ఏ పొట్లం కాగితంలో చదివావ్?

నేను బట్ట కొనేటప్పుడు ముందు వెనక వైపు తిప్పి చూస్తాను. వెలుగుకి పట్టుకుంటాను. అంచు లాగి చూస్తాను. ఇల్లూ అంతే. బ్రోకరు లేడంటే వాడు చెయ్యాల్సిన పనంతా మనమే చెయ్యాలని అర్థం. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి నువ్వే వెళ్ళు. ఇల్లు ఆయన పేరునే ఉందా, దాని మీద అప్పుందా, ఎవరైనా కోర్టుకెక్కారా, కాగితం తీయించు. నీ దగ్గర ఇస్త్రీపెట్టె బాగుచేయించుకునే లాయరమ్మకి చూపించు, ఆవిడ సరేనంటే గానీ బయానా ఇవ్వకు. అద్దెకున్నవాళ్ళు కట్టిన అడ్వాన్సులు ఎవరి దగ్గరున్నాయో అడుగు. రేపు డ్రైవరు ఖాళీ చేస్తానంటే ఆ డబ్బు మన నెత్తి మీద పడుతుంది. వాళ్ళు నిజంగా ఎంత కడుతున్నారో వాళ్ళనే అడుగు, ఆయన్ని కాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇంటికి పనిముట్ల సంచీతో వెళ్ళకు. ఖాళీ చేతులతో వెళ్ళు. నీ సంగతి నాకు తెలుసు. కారే కుళాయి కనిపిస్తే నీకు అన్నం సయించదు.

ఈ గదిలో ట్యూబులైటు మళ్ళీ కొట్టుకుంటోంది. నల్లదారం నల్లబట్ట మీద కనపడక ఇవాళ ఒక కోటు చెయ్యి తిరగేసి కుట్టాను. నవ్వకు.

రెండు కిటికీలన్నావు. ఏ వైపు?

అక్క

*

రిపేరు కొట్టు, వెనక గది
మొదటి జల్లు పడిన మర్నాడు

అక్కకి,

ఒకటి తూర్పు, ఒకటి ఉత్తరం. కుట్టుమిషను మధ్యలో వేసుకుంటే రోజంతా దారం కనిపిస్తుంది. కొలిచి చూశాను.

రిజిస్ట్రేషన్ ఆఫీసు సంగతి చెబుతాను విను. కాగితం తీసి ఇచ్చే గుమాస్తా నెత్తి మీద ఫ్యాను వంకరగా ఊగుతోంది. ఆయన తల ఫ్యానుకి ఎడంగా పెట్టుకుని, చూపు కాగితం మీద, ప్రాణం పైన పెట్టుకుని పని చేస్తున్నాడు. "రేపు రండి" అన్నాడు. కుర్చీ ఎక్కి ఒక్క బోల్టు బిగించాను. అంతే, ఫ్యాను నిలబడింది, గుమాస్తా కూర్చున్నాడు, కాగితం అప్పుడే వచ్చింది. ఇంటి మీద అప్పు లేదు, గొడవ లేదు, ఆయన పేరునే ఉంది. లాయరమ్మ రెండుసార్లు చదివి, "ఇంత శుభ్రమైన కాగితాలు నేను చూడలేదు, అనుమానంగా ఉంది" అంది. మూడోసారి చదివి ఒప్పుకుంది.

అడ్వాన్సులు ఎక్కడున్నాయో అడిగాను. సీసాలాయన అల్మరా తెరిచాడు. రెండు గాజు సీసాలు, మూతల మీద "డ్రైవరు" "కటింగు" అని కాగితాలు, లోపల డబ్బు ఇచ్చినది ఇచ్చినట్టే. "సీసాలు మంచివేనా?" అని సరదాకి అన్నాను. ఆయన నవ్వలేదు. "ఈ రెండే మంచివి. మిగతావి ఫ్యాక్టరీవాళ్ళు అమ్ముకున్నారు," అన్నాడు.

డ్రైవరు భార్యని అద్దె అడిగితే ఆయన చెప్పిందే చెప్పింది. పైగా, "ఓనరుగారు ప్రతినెలా అద్దె తీసుకుంటూ ఇంట్లో లోపాలు చెప్పి వెళ్తారండీ. మేం కంప్లైంటు చేసే అవసరమే రాలేదు, బాగుచేసేవాళ్ళూ లేరు" అంది.

అమ్మడం ఎందుకని ఆయన్నే అడిగాను. "ఈ ఇంట్లో లోపాలు చూసి చూసి అలసిపోయానండీ. నేనొక్కణ్ణే. లోపాల్లేని చిన్న గది ఎక్కడైనా చూసుకుంటాను," అన్నాడు. ధర చెప్పాడు. మనం అనుకున్నదానికి కొంచెం పైన. నువ్వు చెప్పినట్టే గడ్డం పట్టుకున్నాను. "గడ్డం దురదా? కింద కటింగు షాపుంది," అన్నాడు. తర్వాత రెండడుగులు వేసి వెళ్ళిపోబోయాను. గేటు దాకా వచ్చి మర్యాదగా సాగనంపాడు. ఇక నేనేం చెయ్యను చెప్పు? వచ్చే ఆదివారం మాట్లాడదామన్నాడు.

సంచీ తీసుకెళ్ళలేదు. ఒట్టు.

నీ తమ్ముడు

*

బట్టల షాపు, వెనక కుట్టుగది
వాన హోరులో

ఒరేయ్,

"వచ్చే ఆదివారం" అని నువ్వు రాసి చాలా ఆదివారాలు వెళ్ళాయి. మధ్యలో రాసిన కార్డుముక్కల నిండా వాతావరణమే ఉంది. నువ్వు వాతావరణం రాశావంటే ఏదో దాస్తున్నావని చిన్నప్పటి నుంచీ తెలుసు.

సంచీ తీసుకెళ్ళలేదన్నావు. సరే. చొక్కా జేబులో ఏముంది?

షాపు యజమాని నా గది కొత్తగా వచ్చే అమ్మాయికి చెప్పేశాడు. మంచి పిల్ల, మొన్న వచ్చి గోడకి ఎక్కడ మేకు కొట్టాలో చూసుకుని వెళ్ళింది. ఆ గోడ దగ్గరే నేను కూర్చుని ఉన్నాను. చలి మొదలయ్యేసరికి నా సామాను బయట ఉంటుందిరా. ఇల్లు తేలకపోతే వేరే గది వెతుక్కోవాలి, మళ్ళీ ఇక్కడే, మళ్ళీ కిటికీ లేనిదే దొరుకుతుంది.

ఉన్నదున్నట్టు రాయి.

అక్క

*

రిపేరు కొట్టు, వెనక గది
వానలు వెనకబట్టిన రోజు

అక్కకి,

స్క్రూడ్రైవరు. జేబులో ఉన్నది అదే. దాన్ని నేను తీసుకెళ్ళలేదు, అది జేబులోనే ఉంటుంది, పెన్నులాగా.

మొదటి ఆదివారం గుమ్మం లేపాను. చిన్న చెక్క అన్నానుగా, మాట నిలబెట్టుకోవాలి కదా. రెండోవారం తూము. మూడోవారం డాబా మీద పూత వెయ్యడానికి సంచీ కూడా వెళ్ళింది. తర్వాత నీళ్ళ ట్యాంకు మూత, డ్రైవరు వాటా గొళ్ళెం, కటింగు షాపు అద్దం వెనక మేకులు. ప్రతివారం ధర మాట్లాడదామనే వెళ్ళాను. వెళ్ళగానే ఆయన టీ ఇచ్చి ఒక లోపం చెప్పేవాడు. నేను "అదెంత పని" అనేవాణ్ణి. అన్నాక చెయ్యకుండా ఎలా కూర్చుంటాం? ఆయన బల్ల పట్టుకునేవాడు, దీపం చూపించేవాడు, "ఆ మూల ఇంకా వంకర" అనేవాడు. అక్కా, నా పనిలో వంకర పట్టుకున్న మనిషి నాకు ఇన్నాళ్ళకి తగిలాడు. సాయంత్రమైపోయేది. ధర మాట వచ్చేవారానికి పోయేది.

ఇప్పుడు వినకూడని మాట. నిన్న ఆయన గేటు దగ్గర నుంచుని, దారిన పోయేవాళ్ళకి తన ఇల్లు చూపిస్తున్నాడు. "బాగుంది కదూ?" అంటున్నాడు. ఆ నోట ఆ మాట! లోపలికెళ్ళగానే, "మేస్త్రీగారూ, ఇంత బాగున్న ఇల్లు అమ్ముకోవడం దేనికా అని ఆలోచిస్తున్నానండీ," అన్నాడు. గేటు మీద బోర్డు లేదు. దించేశాడు. దించి నా చేతికిచ్చి, "వంటింట్లో డబ్బాలకి అర లేదు, దీంతో చెయ్యగలరా?" అన్నాడు.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. "అదెంత పని" అన్నాను. అన్నానే గానీ ఏం చేస్తున్నానో తెలిస్తేనా? "ఇల్లు అమ్మబడును" అన్న బోర్డుని నా చేతులతో నేనే కోసి, చిత్రిక పట్టి, గోడకి బిగించొచ్చాను. మట్టానికి సరిగ్గా వచ్చింది. ఇంటికొచ్చి మంచమ్మీద కూర్చున్నాక అర్థమైంది నేను బిగించిందేమిటో.

నాకు చేతకాదక్కా ఇది. నేను బాగుచేసేవాణ్ణి. కొనేవాణ్ణి కాదు.

నీ తమ్ముడు

*

బట్టల షాపు, వెనక కుట్టుగది
పొద్దున్నే, పని మొదలవకముందు

ఒరేయ్ మరమేకూ,

తిట్టను. నీ ఉత్తరం రాకముందే నవ్వేసుకున్నాను. ఎందుకంటే ఆ ఇల్లు నేను చూసొచ్చాను.

నోరు మూసుకుని చదువు. పోయిన ఆదివారం రైలెక్కి వచ్చాను. అద్దెకి వాటా కావాలని గేటు తీశాను. నీ అక్కనని చెప్పలేదు. పెరట్లో నిచ్చెన వేసి ఉంది, నిచ్చెన మీద రెండు కాళ్ళున్నాయి. ఎడమ మడమ దగ్గర సాక్సుకి చిల్లు కుట్టిన అతుకు. నేను కుట్టి పంపిన సాక్సు కదా అది, వేరే ఆనవాలు ఎందుకు? నువ్వు పైన ఏదో కొడుతున్నావు, చెవిలో మిషను పెట్టుకోలేదు, పక్కన ఏనుగు నడిచినా తెలిసేట్టు లేవు.

సీసాలాయన వాటా చూపిస్తూ లోపాలు మొదలుపెట్టాడు. నేను "అదెంత పని" అనలేదు. "అవును" అన్నాను. "ఇంకోటి మీరు చూడలేదు, కర్టెను అంచు వంకరగా కుట్టారు," అన్నాను. ఆయన వెళ్ళి చూశాడు. "ఇన్నేళ్ళుగా వేలాడుతోందండీ, నా కంట పడలేదు!" అన్నాడు. ఇక చూడు, ఇద్దరం గది గదీ తిరిగి పోటీలు పడ్డాం. కిటికీ అద్దంలో బుడగ ఆయన చూపించాడు, దిండు గలీబు రెండు రకాల దారంతో కుట్టారని నేను చూపించాను. చివరికి కుర్చీ తుడిచి వేసి, "మీరు ఏ ఫ్యాక్టరీలో చేశారు?" అని అడిగాడు.

టీ తాగుతూ అడిగాను, "ఈ ఇల్లు అమ్మకానికని విన్నానే?" అని.

ఆయన గొంతు తగ్గించి పైకి చూపించాడు. "అమ్మేద్దామనే అనుకున్నానండీ. ఆ మేస్త్రి తగులుకున్నాడు. ఆదివారం వస్తాడు, ఏదో ఒకటి బాగుచేస్తాడు, కబుర్లు చెబుతాడు. ఏ కబురుకీ చివర ఉండదు, అందుకని వచ్చేవారం దాకా ఆలోచిస్తూ కూర్చుంటాను. అమ్మేశాననుకోండి, ఆయన కొనేస్తాడు. నేనెక్కడో గదిలో ఉంటాను. ఇంక ఆదివారం ఎవరొస్తారు?"

అర్థమైందా, మట్టిబుర్రా? ఆయన ఇల్లు అమ్మనిది ధర కోసం కాదు, ఇల్లు బాగుపడిందనీ కాదు. నీకోసం. అమ్మితే తప్ప దొరకని మనిషివైతే అమ్మేవాడు, నువ్వేమో అమ్మకుండానే ప్రతివారం ఊరికే దొరుకుతున్నావు!

ఇప్పుడు నేను చెప్పింది చెయ్యి. ఆ ఇంటికి వెళ్ళకు. కబురొచ్చినా మోకాలి నొప్పని చెప్పు, అబద్ధం కూడా కాదు. ఆయనే వస్తాడు. వచ్చి ధర మాట ఎత్తగానే నోట్లో రెండు మరమేకులు పెట్టుకో, పని చేసేటప్పుడు పెట్టుకుంటావు చూడు, అలాగ. ఆయన ఏమన్నా "ఊఁ" అను. ఇంకో మాట వద్దు.

తూర్పు కిటికీ దగ్గర నుంచుని చూశాను. సందు చివర దాకా కనిపిస్తోంది.

అక్క

*

రిపేరు కొట్టు, వెనక గది
చలి తగులుతున్న సాయంత్రం

అక్కకి,

నువ్వు వచ్చి వెళ్ళావా! నా కాళ్ళు చూసి, మొహం చూడకుండా వెళ్ళావా! దీని మీద నాకు చాలా కోపం ఉంది, కానీ ముందు మంచివార్త రాయాలి కాబట్టి కోపం తర్వాత పడతాను.

మొదటి ఆదివారం ఇంట్లో కూర్చున్నాను. నా స్టవ్వు విప్పి మళ్ళీ బిగించాను. రెండో ఆదివారం ఇంకోసారి విప్పాను, ఈసారి ఒక నట్టు మిగిలింది. ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు, స్టవ్వు మాత్రం వెలుగుతోంది. మూడో ఆదివారం కొట్టు తలుపు దగ్గర నీడ పడింది. సీసాలాయన. చంకలో నేను చేసిన అర.

"ఇది ఊగుతోందండీ," అన్నాడు.

నేను బిగించింది ఊగడమా! చేతిలోకి తీసుకున్నాను. గోడలోంచి ఆయనే ఊడబెరికాడు, రంధ్రాల చుట్టూ సున్నం ఉంది. కుర్చీ వేశాను.

ఆయన చాలాసేపు కొట్టంతా కలయజూసి, నాలుగు లోపాలు చెప్పి, స్థిమితపడ్డాక అసలు మాట అన్నాడు. "లోపం లేని ఇంట్లో నాకు పొద్దుపోవడం లేదు మేస్త్రీగారూ. ఒక ఆలోచన చేశాను. ఇల్లు మీరు తీసుకోండి. నన్ను ముందు వాటాలో అద్దెకుండనివ్వండి. ఓనరుకి లోపం కనిపిస్తే ఖర్చు. అదే అద్దెకున్నవాడికి కనిపిస్తే అది హక్కు. వచ్చి బాగుచెయ్యమని అడగొచ్చు. మీరు రావాలి కూడా."

"రావడమెందుకండీ, పక్కవాటాలోనే ఉంటాను," అన్నాను. ఆయన మొహం చూడాలి నువ్వు.

"అయితే ధర మాట్లాడుకుందాం," అన్నాడు. నేను టక్కున రెండు మరమేకులు నోట్లో పెట్టుకున్నాను.

"ముందు చెప్పింది ఎక్కువంటారా?"

"ఊఁ."

"నిజమే. డాబా మీద పూత ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం. దానికి కొంత తీసెయ్యాలి."

అక్కా, అది నా పూత! నా చేత్తో వేసింది! పదేళ్ళ దాకా చుక్క కారదు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఊఁ" అన్నాను.

"గుమ్మం లేపారు గానీ ఆ చెక్క ఎంతకాలం ఆగుతుంది?"

ఆ చెక్క నన్నూ ఆయన్నీ సాగనంపి కూడా ఉంటుంది. "ఊఁ."

"వెనక వాటాల్లో పైపు సంగతి సరేసరి."

"ఊఁ ఊఁ."

అలా నా పనులన్నీ ఒక్కొక్కటీ దీపానికి పట్టి, పగుళ్ళు చూపించి, ఆయన ధర ఆయనే తగ్గించుకుంటూ వచ్చాడు. మనం అనుకున్న చోటికి దిగి, ఇంకా కిందికి పోతుంటే నా వల్ల కాలేదు. మేకులు తీసేసి, "చాలండీ, ఇక ఆపండి!" అని అరిచాను. క్షమించు. అంతకంటే ఓర్చుకోలేకపోయాను.

బయానా ఇచ్చేశాను, లాయరమ్మ ఎదురుగా, ఆవిడ రాసిన అగ్రిమెంటు మీద. వెళ్ళేముందు ఆయన గుమ్మంలో ఆగి, "ఒక కుట్టుపనావిడ వాటా చూసి వెళ్ళింది. లోపాలు పట్టడంలో నన్ను మించింది. ఎక్కడుంటుందో తెలిస్తే మీ పై వాటా ఆవిడకే ఇవ్వండి," అన్నాడు.

"ఆవిడ మా అక్కండీ."

నా మొహంలో పోలిక వెతికాడు. తర్వాత నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడలేదు ఇంతవరకూ. ముందు పళ్ళలో ఒకటి కొంచెం వంకర.

నీ తమ్ముడు

*

బట్టల షాపు, వెనక కుట్టుగది
ఆఖరి వారం

ఒరేయ్,

మేకులు ఉమ్మేశావా, మింగావా? ముందు అది రాయి.

రిజిస్ట్రేషన్‌కి వస్తున్నాను. నీ పక్కన నా సంతకం పడాలి. ఆయనుండే వాటాకి అద్దె ఆయన ఉన్నంతకాలం పెంచేది లేదని కాగితం మీద రాయించు. ధర ఆయన తగ్గించుకున్నాడు, మనం ఆ మాత్రం తగ్గాలి. అడ్వాన్సుల సీసాలు రెండూ మూతలు విప్పకుండా తీసుకో.

కుట్టుమిషను నాతోనే తెస్తున్నాను. ఈ గదిలోంచి దాన్ని బయటికి తెచ్చి వెలుతురులో చూస్తే ఆకుపచ్చ రంగుదని తెలిసింది. నల్లదనుకున్నాను ఇన్నేళ్ళూ.

కొత్త పిల్లకి ట్యూబులైటు నువ్వొచ్చి బాగుచేస్తావని మాటిచ్చాను.

అక్క

*

పై వెనక వాటా
దిగిన వారానికి

ఒరేయ్,

కిటికీలు బాగున్నాయి. అంతా బాగుంది. కానీ కుళాయి తిప్పితే గోడ అరుస్తోంది. నాకు పైన గుసగుసలా ఉంది గానీ కింద నీకు డప్పులా ఉంటుందట, సీసాలాయన చెప్పాడు. ఇల్లంతా బాగుచేశావు, ఇదొక్కటీ మిగిల్చావేం? నిన్న కిందికొచ్చి అడిగితే చెవిలో మిషను తీసి జేబులో వేసుకుని నవ్వావు. అందుకే రాయాల్సివస్తోంది. ఈ చీటీ డ్రైవరు భార్య చేతికిస్తున్నాను, ఆవిడ కూడా నవ్వుతోంది. మీరంతా కలిసి ఏదో దాస్తున్నారు.

అక్క

*

కింది వెనక వాటా
అదే రోజు

అక్కకి,

చీటీ అందింది. నీ ఉత్తరం ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. తపాలావాళ్ళు నేర్చుకోవాలి.

సీసాలాయన పొద్దున్నే వచ్చాడు, అద్దెకున్నవాడి హోదాలో. తలుపు కొట్టి, నన్ను "ఓనరుగారూ" అని పిలిచి, మూడు ఫిర్యాదులు చేశాడు. రెంటికి "అదెంత పనండీ" అన్నాను. మూడోది పైపు.

"వెనక వాటా పైపు మోత నా వాటాలోకి కూడా వస్తోంది. ఎప్పుడు బాగుచేస్తారు?"

"అది నా వల్ల కాదండీ," అన్నాను.

ఆయన చెవులు ఆయనే నమ్మలేదు. "ఏమన్నారు?"

"నాకు చేతకాదండీ అది."

అక్కా, జీవితంలో ఈ మాట ఏ కస్టమరుతోనూ అనలేదు నేను. ఆయన గేటు దాకా నెమ్మదిగా నడిచాడు, అక్కడి నుంచి పరుగులాంటిది. కటింగు షాపులో చెప్పాడు, డ్రైవరు భార్యకి చెప్పాడు, సందు చివర దాకా చెప్పొచ్చాడు, మేస్త్రికి చేతకాని పని ఒకటి దొరికిందని. మంచి సీసాల మధ్య చిన్న పగులు పట్టుకున్నవాడి వెలుగు మొహంలో. ఇంతకంటే మంచి బహుమానం ఆ మనిషికి ఇంకేం ఇస్తాం?

నీతో నిజం చెబుతాను. అది రెండు క్లాంపుల పని. క్లాంపులు కూడా తెచ్చాను. నా బల్ల సొరుగులో ఉన్నాయి, మేకుల డబ్బా వెనక. అక్కడే ఉంటాయి.

నా మంచం ఆ గోడకి ఆనించి వేసుకున్నాను. పొద్దున్నే నువ్వు మొహం కడుక్కోగానే నా వీపులో టకటకటకమంటుంది. మిషను పెట్టుకోకుండా నాకు వినిపించే చప్పుడు ఈ లోకంలో అదొక్కటే. నువ్వు లేచావని తెలుస్తుంది. ఇన్నేళ్ళూ నువ్వు లేచావో, తిన్నావో, దగ్గుతున్నావో వారం తర్వాత ఉత్తరం వస్తేనే తెలిసేది. ఇప్పుడు గోడ చెబుతోంది, అప్పటికప్పుడు. దాన్ని నేను బాగుచెయ్యనా? నాకు మతిపోయిందా?

స్టవ్వు మీద టీ నీళ్ళు పెట్టాను. వస్తావా? సీసాలాయన కూడా వస్తున్నాడు, మధ్యాహ్నం మొదలుపెట్టిన చీమల కబురుకి చివర చెప్పమంటున్నాడు, లేకపోతే ఆ కాగితం మిగతా ముక్క వెతికి తెమ్మంటున్నాడు.

దీనికి జవాబు రాయకు. కుళాయి తిప్పు.

నీ తమ్ముడు